ఎనిమిదో గుంత

ఎనిమిదో గుంతలో పిచ్చయ్య దిగి కూర్చున్నాడు.

ఏడు గుంతల్లో ఇనుప పైపులు నిలబడ్డాయి. ఎనిమిదోది నిలబడితేనే గ్రీన్‌హౌస్‌కు పైకప్పు ఎక్కుతుంది. కెనడా నుంచి వచ్చిన తొమ్మిది మంది చర్చి వాలంటీర్లు ఆ పైపు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ముఖాలు పండు మిరపకాయల్లా కందిపోయాయి. ఇంకా మాఘమాసమే.

"పైకి రా పెద్దయ్యా," అన్నాడు ఉదయ్ భాస్కర్. అతనిది ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేట. దొరలు ఎప్పుడొచ్చినా వాళ్ల మాట వీళ్లకూ, వీళ్ల మాట వాళ్లకూ చెప్పేది అతనే.

"రాను. సిమెంటు పోసుకోండ్రి. నా మీదనే పోసుకోండ్రి."

"గట్లంటె ఎట్ల? ఆడోళ్లంత ఆశ పెట్టుకున్నరు."

"నా పెండ్లాం గూడ ఆశనే పెట్టుకున్నది."



మూడేళ్ల కిందట ఇదే జాగాలో ఇదే చర్చి వాళ్లు ఒక గ్రీన్‌హౌస్ కట్టారు. పుట్టింటివాళ్లు ఇచ్చిన పావు ఎకరాన్ని పిచ్చయ్య భార్య సైదమ్మ అందుకోసం మహిళా సంఘానికి రాసిచ్చింది. ఆడవాళ్లంతా కలిసి అందులో టమాట నారు, వంకాయ నారు పోశారు. మే నెలలో ఒక మధ్యాహ్నం సైదమ్మ నీళ్లు చల్లడానికి లోపలికి వెళ్లింది. పిచ్చయ్య కేక విని జనం పరిగెత్తుకొచ్చేసరికి నారు ట్రేల మధ్య పడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. దవాఖానాకు తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది.

వడదెబ్బ అన్నాడు డాక్టరు. దొరల ప్లాస్టిక్ ఇల్లు మింగేసింది అన్నాడు పిచ్చయ్య. ఊరు పిచ్చయ్య మాటే నమ్మింది. దినాలు కూడా కాకముందే అతను గొడ్డలి తీసుకుని ఆ ఇంటిని నరికి పోగుపెట్టాడు. ఎవరూ అతని చెయ్యి పట్టుకోలేదు.

కాగితం ప్రకారం జాగా ఇప్పటికీ సంఘానిదే. అందుకే ఈసారి పిచ్చయ్య ఒంటితో అడ్డుపడ్డాడు.

సోమ్లికి ఓపిక పోయింది. సైదమ్మ పక్కన కూర్చుని నారు పోసిన మనిషి ఆమె.

"నారు కోసం జూలూరుపాడు దాంక పోతున్నమన్నా. తెచ్చిన దాంట్ల సగం బతుకుతలేదు. నువ్వేమన్న పోసిస్తవా?"

"నారు చస్తె మళ్ల పోస్తవ్. మనిషి చస్తె?"

"వదిన ఉంటె నీ చెవు పట్టి పైకి గుంజేది."

"ఉన్నదా మరి? పిలువు. గుంజమను."

సోమ్లి కొంగుతో మొహం తుడుచుకుని పక్కకు తప్పుకుంది.

అప్పుడు వాలంటీర్లలోంచి హెలెన్ ముందుకొచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. అప్పటి ఇంటికి నమూనా గీసింది ఆమే. టోపీ తీసేసి, గుంత అంచున మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె ఆగి ఆగి మాట్లాడింది. ఉదయ్ భాస్కర్ తెలుగులో చెప్పాడు.

"అప్పుడు రెండు పక్కల పరదాలు పెట్టిందట పెద్దయ్యా. పైకి చుట్టి ఉంచితె గాలి చాలుతదని లెక్క గట్టిందట. ఆ రోజు పరదాలు పైకే ఉండెనని ఊరంత చెప్పిన్రు గద. అంటె తన లెక్కనే తప్పిందంటుంది. మూడేండ్ల సంది గదే కాయితం ముందట ఏసుకొని కూసుంటున్నదట. యాడ తప్పిందో ఇంక దొరకలేదట."

పిచ్చయ్య పైపులకేసి చూశాడు.

"ఈసారి పరదాలే లేవు. నాలుగు దిక్కుల ఇనుప జాలీ. మూద్దామన్నా మూసేటందుకు ఏమీ ఉండదు," అని హెలెన్ మాటే చెప్పాడు ఉదయ్ భాస్కర్.

పిచ్చయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు.

"గిప్పుడు తెల్సిందా? మనిషి పోయినంక తెల్సిందా?"

హెలెన్ తల వంచింది. మెల్లగా ఏదో అంది. ఉదయ్ భాస్కర్ గొంతు కూడా తగ్గింది.

"తప్పు నాదే, మాఫ్ చెయ్యి అంటుంది. ఆ ఒక్క మాట నీ నోటెంబడి వస్తె చాలట. కట్టమంటె కడ్తరు. పొమ్మంటె పోతరు."

హెలెన్ చెయ్యి చాపింది. ఆడవాళ్లంతా పిచ్చయ్య నోటికేసి చూశారు.

అతను ఆ చేతిని పట్టుకోలేదు.

"నీ దేవునికి చెప్పుకో దొరసానీ. మాఫ్ చేసుడు ఆయనకు అలవాటు. నాకు లేదు."

ఉదయ్ భాస్కర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఏడు పైపులూ ఊడబెరికి ట్రాక్టర్‌లో వేశారు. సోమ్లి దారి పొడవునా శాపనార్థాలు పెడుతూ పోయింది. హెలెన్ ట్రాక్టర్ వెనకాల నడిచింది. ఒక్కసారీ తలెత్తలేదు.

పిచ్చయ్య పార తెచ్చి ఎనిమిది గుంతలూ పూడ్చాడు. ఒక్కోదాన్నీ కాలితో తొక్కి గట్టిచేశాడు.

"గెలిచినవ్ లే పెద్దయ్యా," అన్నాడు ఉదయ్ భాస్కర్, బండి స్టార్ట్ చేస్తూ.

"అవ్, గెలిచిన," అన్నాడు పిచ్చయ్య.

మూడేళ్ల కిందటి ఆ పొద్దున, కోతులు నారు పీకుతున్నాయని పరదాలు రెండూ దించి ఇనుప తీగతో బిగించిందీ, మధ్యాహ్నం పడి ఉన్న సైదమ్మను చూసి, ఆ తీగ తెంపి వాటిని పైకి చుట్టిన తర్వాతే కేక పెట్టిందీ పిచ్చయ్యే.