ఊదా దారం ఎర

టార్పన్ చేప మూడోసారి గాల్లోకి ఎగిరింది. మనిషంత చేప.

డెల్మార్ నడుం వంచి గాలంకర్రను నీళ్లకేసి దించాడు. టార్పన్ ఎగిరినప్పుడు దానికి వంగి దణ్ణం పెట్టాలి, లేకపోతే దారం తెగుతుంది. ఆ దీవుల్లో పిల్లలకు నడకతోపాటే అబ్బే విద్య అది.

చేప పడవను వంతెన వైపు లాక్కుపోయింది. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా అతను కర్ర వదల్లేదు.

ఇదొక్కటి దక్కితే ఈ అక్టోబరు పోటీలో అతనిదే పైచెయ్యి. చేపను చంపనక్కర్లేదు. దారం చివర చేత్తో ముట్టుకుని వదిలేస్తే చాలు. ఎరలమ్మే వెర్నా కొట్లో, గెలిచినవాళ్ల పేర్లుండే చెక్క మీద వరసగా మూడో ఏడు అతని పేరు చెక్కుతారు. అతని తండ్రి బతికినంత కాలం ఆశపడినా దక్కని గౌరవం.

గెలిపించేది తను కాదని, తన ఎర అని డెల్మార్ అందరితో అనేవాడు. ఈకలను ఊదారంగు దారంతో చుట్టి కట్టిన ఎర. వెర్నా కొట్లో తప్ప దొరకదు. ఎవరు కడతారంటే ఆమె చెప్పదు. అతని దగ్గర మిగిలిన ఆఖరిది ఇప్పుడా చేప దవడలో ఉంది.

పడవ వెనక నిలబడి గెడ వేస్తున్న బావమరిది రసెల్ నీళ్లలోకి వేలు చూపించాడు. నల్లటి రెక్క.

"బావా, సొర. తెంపెయ్."

సొర వెంటపడితే దారం తెంపి చేపను బతకనివ్వడం అక్కడి రివాజు. తెంపనివాడి పక్కన కూర్చుని ఎవరూ తాగరు.

"నాకేం కనపళ్లేదు. నీకూ కనపళ్లేదు. గెడ వెయ్."

వంతెన నీడలో పాత చెక్క పడవ ఒకటి లంగరేసి ఉంది. అందులో ఊరూ పేరూ తెలియని ముసలాయన. నెల్లాళ్లుగా సాయంత్రాలు అక్కడే కూర్చుంటున్నాడు. పడవలో గాలం కూడా ఉండదు. రసెల్ అతనికి పీనుగ అని పేరు పెట్టాడు.

చేప అలసిపోయి సరిగ్గా ఆ పడవ పక్కనే తేలింది. సొర ఒక్క పట్టు పట్టింది. తోకలో ముక్క ఊడింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

సొర మళ్లీ తిరిగేలోపల ముసలాయన వంగి దారం పట్టుకుని కత్తితో కోశాడు. చేప వంతెన స్తంభాల సందులోకి దూరిపోయింది.

డెల్మార్ రసెల్ చేతిలోంచి గెడ లాక్కున్నాడు. పడవ దగ్గర పడగానే ముసలాయన భుజం మీద కొట్టాడు. అతను పడవలోనే బోర్లాపడి అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎవడి చేపరా అది?"

"నీదే అబ్బాయ్. బతికుంటే మళ్లీ నీదే."

రెండో దెబ్బకు పళ్లు రాలాయి. గెడ మూడోసారి లేచింది. ముసలాయన అప్పుడు బతిమాలాడు.

"కుడి చెయ్యి మాత్రం వద్దబ్బాయ్."

చెప్పకపోతే ఎక్కడ పడేదో. చెప్పాడు కనక కుడి చేతి మీదే పడింది. వేళ్లు అంచు వదిలేదాకా పడుతూనే ఉంది. రసెల్ చూడలేక మొహం తిప్పుకున్నాడు. బావను మాత్రం ఆపలేదు.

మర్నాడు పోటీకి ఆఖరి రోజు. తెల్లవారగానే డెల్మార్ ఎరల కోసం వెర్నా కొట్టుకు వెళ్లాడు. ఊదా ఎరలుండే సీసా ఖాళీగా ఉంది. వెర్నా బల్ల మీద నెత్తుటి మరక తుడుస్తోంది.

"ఊదావి అయిపోయాయా పెద్దమ్మా? మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"ఇక రావు."

కట్టేవాడికి ఏమొచ్చిందని అడిగాడు.

"తన ఎరతో చేపలు పట్టేవాణ్ణి కళ్లారా చూసుకోవాలని ఈ ఊరొచ్చాడు పిచ్చిమనిషి. నిన్ను చూపించాను," అంది వెర్నా, గుడ్డ బకెట్లో పిండుతూ. "రోజూ నువ్వు పట్టడం చూడ్డానికి వంతెన కిందే పడవ కట్టుకుని కూర్చునేవాడు. నిన్న ఎవడో అతని కుడి చెయ్యి నుజ్జు చేశాడు."