ముందు వరుసలో ఆవిడ

ముందు వరుస ఎప్పటిలాగే ఖాళీ.

ఫిన్లాండ్‌లోని ఆ సరస్సు ఊరి జనం లైబ్రరీకి ప్రసంగమంటే వస్తారు. ఉచితంగా పెట్టిన కాఫీ తాగుతారు, బన్నులు తింటారు. నోరు మాత్రం విప్పరు.

ఈసారి మాట్లాడేది లైబ్రేరియన్ హిల్క. కొత్త ఒపెరా గురించి, అంటే మాటలన్నీ పాటలుగా పాడే నాటకం గురించి, ఆమే చెప్పాలి. జనం ఒక్క ప్రశ్నయినా అడక్కపోతే ఈ ఊళ్లో ప్రదర్శన లేనట్టేనని ఒపెరా కంపెనీ మేనేజరు ముందే తేల్చేశాడు.

ఇంతలో రబ్బరు బూట్లతో ఒకావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, కనుబొమ మీద పాత మచ్చ. ఊరికి కొత్తలాగే ఉంది. నేరుగా వెళ్లి ముందు వరుసలో కూర్చుంది.

హిల్క ఒపెరా కథ చెప్పింది, ఊళ్లో నిజంగా జరిగినదే. అరవై ఏళ్ల కిందట ఇదే సరస్సులో పడవ మునిగింది. వేసవి పనికొచ్చిన పదహారేళ్ల పిల్ల తొమ్మిదిమంది బడిపిల్లల్ని ఒడ్డుకు చేర్చింది. మర్నాటికి ఊళ్లో లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

అందరూ తలలు దించుకున్నారు.

"ఒపెరాలో చివరికి ఆ పిల్ల ఏమవుతుందమ్మాయ్?" ముందు వరుసావిడ అడిగింది.

"మునిగి చనిపోతుందండీ. పాడుతూ."

"నీళ్లు మింగుతూ పాటెలా పాడుతుంది?"

హాలంతా ఘొల్లున నవ్వింది.

"ఒపెరా అంటే అంతేనండీ."

"పాపం, చంపకపోతే ఏం పోయింది?"

"చంపకపోతే జనం ఏడవరు కదండీ."

"పోనీలే, పాటన్నా బాగుంటే చాలు."

ఆ నవ్వులతో అందరికీ ధైర్యమొచ్చింది. పోస్టుమాన్ అడిగాడు. నర్సు అడిగింది. ఇద్దరు ఒకేసారి అడిగి పోట్లాడుకున్నారు కూడా.

"రెండు ప్రదర్శనలు వేద్దాం" అన్నాడు వెనక నిలబడి వింటున్న మేనేజరు.

హిల్క సంతోషం పట్టలేక ఆవిడను బస్సు దాకా సాగనంపింది.

"నా పరువు నిలబెట్టారు. టికెట్ ఇస్తాను, తప్పకుండా రండి."

"చచ్చిపోయే కథలు నేను చూడనమ్మాయ్" అని నవ్వుతూ బస్సెక్కిందావిడ.

బస్సు మలుపు తిరిగాక, రిటైరైన వడ్రంగి తౌనో మెల్లగా హిల్క దగ్గరికొచ్చాడు.

"నాదీ ఒక ప్రశ్న."

"ఇప్పుడా బాబాయ్? ఇంతసేపూ ఏం చేశావు?"

"నలుగురిలో అడగాలంటే సిగ్గు."

"సరే, అడుగు."

"ఆ పడవ మునిగినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కనుబొమ మీద ఆ మచ్చ చూడగానే పోల్చుకున్నాను. నన్ను జుట్టు పట్టుకుని నీళ్లలోంచి లాగిన పిల్ల ఆవిడే. పేరేమైనా అడిగావా అమ్మా?"