రెండో స్తంభం

"చెవినిల్లు కట్టుకుని పోరితే రెండు నెలలకు కొన్నారా అద్దం!" దెప్పింది భార్య డోర్కస్, ఆరిన అచ్చులకు రంగులద్దుతూ.

"ముప్పయ్యేళ్ల చెయ్యే ఇది. కిందటి వేసవి మాట ఇంకా ఎందుకు? అద్దం పగిలిందని పని ఆపానా?" అన్నాడు జోసయా థర్కెల్.

రాగిరేకు మీది గీత కాగితం మీద కుడిఎడమలు మారి పడుతుంది కనుక, చెక్కేవాళ్లు బొమ్మను అద్దంలో చూసి గీస్తారు. జోసయా రేకు మీద బంకపొడి కరిగించి, నీడలు తేలడానికి ఆసిడ్ తొట్టిలో దించబోతుండగా తలుపు దభాలున తెరుచుకుంది.

మిసెస్ రాగ్! ఏడాదిగా వదలని సంతాపపు నల్లబట్టలు ఇవాళ ఆమె ఒంటి మీద లేవు.

"థర్కెల్ గారూ, మా ఎడ్విన్ బతికే ఉన్నాడు!"

జోసయా రేకును బల్ల మీద పెట్టేశాడు. ఆమె పెద్దకొడుకు ఎడ్విన్ సముద్రం దాటి, పేస్టమ్‌లోని పాత గుళ్ల శిథిలాలు చూడబోయి జ్వరంతో పోయాడు. వెంట వెళ్లిన చిత్రకారుడు అతన్ని పాత గుడి ముందు పాతిపెట్టి, ఆ గుడినీ సమాధినీ గీసి పంపాడు. తిరిగొస్తూ అతనూ ఓడతో పాటు మునిగిపోయాడు. ఆ బొమ్మను కిందటి వేసవిలో అచ్చు వేసింది జోసయానే.

"ఎముకలైనా తెద్దామని చిన్నాడు వెళ్లాడు. గడ్డి పెరిగి ఆనవాలే లేదట. గుడి ముందు వరసగా ఆరు స్తంభాలు, ఏ కొసనుంచి చూసినా ఒకేలా ఉంటాయట. మీ అచ్చు చేత్తో పట్టుకుని, ఎడమనుంచి రెండో స్తంభం దగ్గర నిలువులోతు తవ్వించాడు. ఒక్క ఎముక లేదు! మీరు అందానికి మేకలకాపర్లను కలుపుతారుగా, ఆ సమాధీ అలాంటిదేనా?"

"కాపరిని కలిపానమ్మా. సమాధి ఆయన గీసిందే."

"అయితే ఆయనే బొంకాడు! మావాణ్ణి ఎక్కడో వదిలేసి కథ అల్లాడు. ఇల్లు ఖాళీ చేసేశాను. గురువారం ఓడెక్కుతున్నా. వాడు దొరికేదాకా తిరిగి రాను."

"ఈ వయసులో ఒక్కరేనా?" అంది డోర్కస్.

"కొడుకు కోసం వెళ్లే తల్లికి వయసేమిటే పిచ్చిదానా!"

ఇద్దరూ కావలించుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. జోసయాకు మాత్రం మనసు మనసులో లేదు. విరిగిన రాయిని కూడా ఉన్నదున్నట్టు గీసే మనిషి ఆ చిత్రకారుడు. అలాంటివాడు అబద్ధమాడతాడా?

సొరుగు లాగి, అడుగున ఉన్న ఆయన అసలు బొమ్మను వెలుతురులో పెట్టి చూశాడు.

సమాధి కుడినుంచి రెండో స్తంభం దగ్గర ఉంది.