యేసుబాబు మీద కేసు

"నాకో కేసుందండీ" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

లారీల ఓనరు మాణిక్యమ్మ తలెత్తలేదు.

"ఒక్క కేసుకి లారీ ఎందుకయ్యా? రిక్షా చాలు. సోడాలా, కూల్‌డ్రింకులా?"

"మందండీ."

"సీసాలైతే పగుల్తాయి. గడ్డేసి కట్టించు."

"సరుకు కాదండీ, నా మీద కేసు. తాగి లారీ నడిపానని. డ్రైవరు పనికొచ్చానండీ. ముందే చెప్పేద్దామని."

అక్కడున్న హమాలీలు గొల్లుమన్నారు.

ఆటోనగర్‌లో మాణిక్యమ్మకి మూడు లారీలు. ఒకదానికి వారం నుంచి డ్రైవరు లేడు.

లైసెన్సు తీసుకుని చూసింది. పేరు యేసుబాబు. ఊరు చల్లపల్లి. ఇరవయ్యేళ్ళ అనుభవం. కోర్టు ఆరు నెలలు బండి నడపొద్దన్నట్టు ముద్ర.

"లైసెన్సులో కూడా సెన్సుందయ్యా, మనిషికుండొద్దూ? ట్యాంకు ఫుల్లుగా ఉండాలి గానీ డ్రైవరు ఫుల్లుగా ఉంటే ఎట్లా?"

"నిజమేనండీ. ఆ ఒక్కరోజే. మళ్ళీ ముట్టలేదు."

"అందరూ అదే అంటారు."

"అందుకేనండీ, మూడేళ్ళయింది స్టీరింగు పట్టుకుని. మీది పదకొండో ఆఫీసు. మీరూ కాదంటే చీమకుర్తి క్వారీలో రాళ్ళు మోయడానికి పోతానండీ. మధ్యాహ్నమే బస్సు."

మాణిక్యమ్మ మనసు కొంచెం మెత్తబడింది.

"ఎక్కడ పట్టుకున్నారు?"

"కంకిపాడులోనండీ. పోలీస్ స్టేషను ముందే."

హమాలీలు మళ్ళీ నవ్వారు.

"స్టేషను ముందేనా! అది కూడా కనపడనంత తాగావన్నమాట!"

యేసుబాబు ఏదో చెప్పబోయి ఆగాడు.

"తప్పు తప్పేనండీ" అన్నాడు.

"నావల్ల కాదు నాయనా. టీ తాగి వెళ్ళు."

అతను టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అరగంటకి మేనేజరు బాబ్జాన్ భోంచేసి వచ్చాడు. పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి.

"అమ్మా, ఒంగోలు బస్సులో యేసుబాబుని చూశాను. కేకేశాను, వినపడలేదు. మన దగ్గరికేమన్నా వచ్చాడా?"

"వచ్చాడు. తాగుబోతుని ఎట్లా పెట్టుకుంటామండీ?"

బాబ్జాన్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ కేసు రాసింది నేనేనమ్మా."

హమాలీలు దగ్గరికి జరిగారు.

"ఆ రోజు వాళ్ళ తమ్ముడి పెళ్ళి. నలుగురితో పాటు తాగాడు. అంతలో ఓనరు కబురు పెడితే కాదనలేక లారీ తీశాడు. కంకిపాడు వచ్చేసరికి బడి వదిలారు. రోడ్డు నిండా పిల్లలు."

"అయ్యో! ఎవరినన్నా గుద్దాడా?" మాణిక్యమ్మ లేచి నిలబడింది.

"లేదమ్మా. ఒక్కో బిడ్డా ఇద్దరుగా కనపడుతోందని లారీ పక్కన ఆపి, తనంతట తనే స్టేషన్లోకి నడిచొచ్చి, నా బల్ల మీద తాళాలు పెట్టి, 'నన్నిక ముందుకు పోనివ్వకండి సార్, కేసు రాసుకోండి' అన్నాడు."