అరుగుదల

"తీసెయ్యండి ఆ గీత!" డాక్టరుగారు తన గదిలో బల్ల గుద్దారు. కప్పులో కాఫీ తొణికి కాగితాల మీద పడింది.

ప్రోగ్రాం రాసిన అమ్మాయి కంప్యూటరు తడవకుండా వెనక్కి లాక్కుంది. "అది నేను గీసింది కాదు సర్. మోకీళ్లు అరిగిన ఆడవాళ్లు వైద్య శిబిరాల్లో చెప్పిన జవాబుల్లోంచి..."

"నాకు తెలుసు!"

మోకాళ్ల నొప్పితో ఎవరి బతుకు ఎలా ఉందో నూటికి ఇన్ని మార్కులని చెప్పడం ఆ ప్రోగ్రాం పని. మార్కు వేసి ఊరుకోదు, ఎందుకు వేసిందో కూడా చూపిస్తుంది. బతుకును పైకి లేపేవి పచ్చ గీతలు, కిందికి లాగేవి ఎర్ర గీతలు. అన్నిటికన్నా పొడుగాటి ఎర్ర గీత పక్కన నొప్పి అనో బరువు అనో ఉంటే డాక్టరుగారికి పేచీ ఉండేది కాదు. అక్కడ 'భర్త' అని ఉంది.

"ఇంట్లో తోడుంటే బతుకు బాగుపడాలి గానీ దిగజారుతుందా? ముప్ఫై ఏళ్లుగా మోకాళ్లు చూస్తున్నాను నేను!"

"మోకాళ్లే చూశారు సర్."

అమ్మాయికీ ఒళ్లు మండుతోంది. ఆ గీత తీసేస్తే రేపట్నుంచి ఇలాంటి వాళ్లందరికీ నాలుగు మాత్రలు రాసి పంపేస్తారు. ఇంట్లోవాళ్లను పిలిచి ఒక్క మాటా అడగరు.

"ఒక్క పేషెంటును చూపించండి, నమ్ముతాను," అన్నారాయన.

అమ్మాయి ఒకావిడ వివరాలు తెరిచింది. పేర్లు దాచి ఉన్నాయి. "ఈవిడ కీళ్లు మరీ అంత అరగలేదు సర్. బతుక్కి మాత్రం నూటికి ఇరవై రెండే."

ఆయన చదివారు.

నొప్పి సంగతి ఇంట్లో చెప్పారా? 'చెప్పబోయాను. పూర్తిగా వినలేదు.'

మెట్లు ఎక్కగలరా? 'ఎక్కలేను. ఎక్కుతాను. ఆయన గది మేడ మీద.'

కాసేపైనా కూర్చుంటారా? 'కూర్చుంటే వెంటనే లేవలేను. లేవకపోతే అరుస్తారు.'

మీవారిని పిలిచి మాట్లాడమంటారా? 'మాట్లాడండి. మీ మాటైనా వింటారేమో.'

డాక్టరుగారి మొహం జేవురించింది. ఈసారి కోపం ప్రోగ్రాం మీద కాదు.

"ఎవడమ్మా వీడు? మనిషా, పశువా? ఆవిడ ఇంకా ఎలా నడుస్తోంది?"

"మరి ఆ గీత సర్..."

"ఉంచండి! ఎవడు తీయమంటాడో నేనూ చూస్తాను! ముందు వీణ్ణి పిలిపించండి. నా ఎదుట నిలబెట్టి కడిగేస్తాను."

"పేరు చూడాలంటే మీ అనుమతి..."

"ఇచ్చాను, తెరవండి!"

అమ్మాయి తెరిచింది. భర్త పేరు చదివింది. మళ్లీ చదివింది. తెర ఆయనకు కనపడకుండా పక్కకు తిప్పింది.

"చెప్పరేం? ఎవడు వాడు?" గద్దించారు డాక్టరుగారు.

ఆ పేరే ఈ గది తలుపు మీద ఉంది.