ఒంటిచేతి వడ్డన

"దీనికి కూడా బొట్టా? ఎవరి దిష్టి తగులుతుందని?"

దుర్గ చేతిలోని కుంకుమ భరిణెను పద్మనాభం లాక్కున్నంత పని చేశాడు. ఏసీ గదిలో తను కొనిపించిన నాలుగు కొత్త సర్వర్లకు అప్పటికే నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇప్పుడామె బొట్టు పెట్టబోయిన, మూలన స్టూలు మీద ఉన్న పాత కంప్యూటరు మాత్రం ఆమె తయారుచేసుకున్నది.

ఆ రోజు ఇంటర్ ఫలితాలు. పద్మారావు నగర్‌లోని ఆ చిన్న కంపెనీకి ఫలితాల సైటు నడిపే పని మొదటిసారి దక్కింది. పదకొండు నుంచి ఆరింటిదాకా సైటు ఒక్క నిమిషం ఆగినా మూడేళ్ల కాంట్రాక్టు గోవిందా. దాంతోపాటే పద్మనాభానికి రాబోయే డైరెక్టరు కుర్చీ కూడా.

కొత్తవి నాలుగూ మొరాయిస్తే సైటుకొచ్చే జనాన్ని దానంతటదే ఆ పాతదానికి మళ్లించే ఏర్పాటు ఉండాలని యజమాని రామభద్రరావు పట్టుబట్టాడు. పద్మనాభానికి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్లు మంట. నిన్నగాక మొన్న విజయనగరం నుంచి వచ్చిన పిల్ల తనకు పాఠాలు చెప్పడమా!

"ఒకే థ్రెడ్డుతో, ఒంటిచేత్తో, లక్షలమందికి జవాబిస్తుందా నీ డబ్బా? పెళ్లిలో ఒక్కడే వడ్డిస్తే చివరి బంతివాడు మర్నాడు తింటాడు."

"ఆ ఒక్కడూ ఎవరి దగ్గరా ఆగడు సార్. ఒకరి మార్కులు తెమ్మని డేటాబేసుకి చెప్పేసి, అవి వచ్చేలోగా పక్కవాళ్లకి ఏం కావాలో అడుగుతాడు. వచ్చినవి వచ్చినట్టు అందించేస్తాడు."

"నా దగ్గర విస్తరికొక వడ్డనవాడు! అదీ మర్యాదంటే."

"అంతమంది నిలబడ్డానికి పందిట్లో చోటుండాలి కదండీ?"

"నోరు బాగానే లేస్తోంది. పో, నీ సీట్లో కూర్చో."

పదకొండింటికి ఫలితాలు వదిలారు. పావుగంటకే దుర్గ పరుగున వచ్చింది.

"సార్, ఒక్కమాట. మన సర్వర్లు..."

"సైటు తెరుచుకుంటోందా, లేదా?"

"తెరుచుకుంటోంది గానీ..."

"మరి గానీ ఏంటి?"

అతను ఒక నంబరు కొట్టి చూశాడు. రెప్పపాటులో మార్కులు వచ్చాయి. అద్దంలోంచి చూస్తే నాలుగు సర్వర్ల దీపాలూ మిణుకుమంటున్నాయి. మధ్యాహ్నం ఆమె ఏదో కాగితం తెచ్చిస్తే, చదవకుండానే దాంతో పునుగుల నూనె తుడుచుకున్నాడు. ఇలాంటివాళ్లకు చనువిస్తే నెత్తికెక్కుతారని అతని నమ్మకం.

ఐదున్నరకు రామభద్రరావు ఫోన్ చేశాడు. "అదరగొట్టావయ్యా! కాంట్రాక్టు ఇచ్చినవాళ్లను తీసుకొస్తున్నా, నీ సర్వర్ల గది చూస్తారట."

పద్మనాభం గదిలోకి నడిచాడు. ఆ స్టూలు కంట్లో నలుసులా కనిపించింది.

"పెద్దవాళ్ల ముందు ఈ పాతసామాను ఏంటి? తీసెయ్."

దుర్గ అడ్డం వచ్చింది. "ఆరింటిదాకా దాన్ని ముట్టుకోకండి సార్! పొద్దుట్నుంచీ అదే చెప్దామని..."

"పొద్దుట్నుంచీ మూల కూర్చుని కరెంటు తినడమేగా అది చేసింది! రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు."

ఆమెను పక్కకు తప్పించి, తనే వంగి ప్లగ్గు పీకేశాడు.

సైటు ఆగిపోయింది.