తామరకీ కలువకీ చుట్టరికం

“ఆగక్కడ! ఈ రెండు తొట్లలో తామర ఏదో, కలువ ఏదో చెప్పు. ఆ తర్వాతే లోపలికి!”

గేటు తీసిన కుర్రవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. మాస్టారు మీసాల చాటున నవ్వు దాచుకున్నారు. ఉద్యోగమంతా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషాయన. ‘నాకు నచ్చినతన్ని ఇవాళ మీ దగ్గరికి పంపిస్తున్నా నాన్నా, కసురుకోకు’ అని కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. కసురుకోనని మాటిచ్చారు. పరీక్ష పెట్టనని మాత్రం ఇవ్వలేదు.

రెండు తొట్లలోనూ గులాబీరంగు పూలే. తెలియనివాళ్ళు కవలలనుకుంటారు.

కుర్రవాడు తొట్ల పక్కన గొంతుక్కూర్చుని ఒక ఆకు మీద నీళ్ళు చిలకరించాడు. చుక్కలు గుండ్రంగా దొర్లి జారిపోయాయి.

“ఇది తామరండీ. ఆకు నీళ్ళకి పైన నిలబడింది, తడే అంటలేదు. అది కలువ. ఆకు నీళ్ళ మీదే పడుకుంది, కాడ దాకా చీలిక కూడా ఉంది.”

మాస్టారి గుండె గంతేసింది. అయినా బింకంగా, “అయితే రెండూ అక్కచెల్లెళ్ళేనా?” అని వల వేశారు.

“చూడ్డానికేనండీ. చుట్టరికం చాలా దూరం. తామరకి దగ్గర చుట్టాలు నీళ్ళలో లేరు, నేల మీద పెరిగే పెద్దపెద్ద చెట్లట!”

“ఏమేవ్, ఇలా రా! నెగ్గేశాడు!”

భార్య తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. కుర్రవాణ్ణి ఎగాదిగా చూసి, “ముఖంలో కళ ఉందండీ,” అని భర్త చెవిలో గుసగుసలాడింది.

“ఎక్కడ కాపురం పెడదామని నీ ఆలోచన?” అడిగారు మాస్టారు.

“మీరు సరేనంటే ఇక్కడేనండీ, మీ మేడ మీదే.”

దంపతులిద్దరికీ కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్ల కళ్ళెదుటే ఉంటుంది!

“ఉండవయ్యా, నిక్షేపంగా ఉండు! రెండు గదులూ మీ ఇద్దరివే. పైసా ఇవ్వక్కర్లేదు!”

కుర్రవాడి కళ్ళు చెమర్చాయి. “ఇంత మంచి మనుషుల్ని నేనెక్కడా చూడలేదండీ!”

“సరే గానీ, ఇన్ని సంగతులు నీకు నేర్పిందెవరు?” తెలిసినా, కూతురి పేరు అతని నోట వినాలని అడిగారు మాస్టారు.

“మా ఆవిడండీ, బోటనీ లెక్చరర్. మీ గేటుకున్న టు-లెట్ బోర్డు చూసి, అద్దెకిస్తారేమో అడగమని నన్ను పంపింది. వీధి చివర ఆటోలో సామానుతో కూర్చుంది, పిలుచుకు రమ్మంటారా?”